పండిన సాంకేతికత, పచ్చి సాంకేతికత: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

అంతరిక్షంలో రెండు ఉపగ్రహాలను ఒకదానితో ఒకటి కలిపి చూసిన ఇస్రో ప్రయోగం స్పేడెక్స్ గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత విజయవాడ, గుంటూరు పరిసరాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అడిగిన తీరు వేరైనా అడిగిన విషయం దాదాపు ఒకటే: అంతరిక్ష పరిశోధనకు కావలసిన కొత్త పరికరాన్ని ఎలా సిద్ధం చేస్తారు, అది యాత్రకు పనికివస్తుందని ఎవరు, ఏ ఆధారంతో తేలుస్తారు? అందువల్ల ఈసారి మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి, స్థలమంతా దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: స్పేడెక్స్‌ను ‘టెక్నాలజీ డెమాన్‌స్ట్రేటర్’ (కొత్త సాంకేతికతను ముందుగా పరీక్షించి చూపే ప్రయోగం) అన్నారు. ఇటువంటి మాట పత్రికలలో తరచు కనిపిస్తోంది. ప్రయోగశాలలో పనిచేస్తుందని తేలిన దానిని నేరుగా అసలు యాత్రకే వాడుకోవచ్చు కదా? మధ్యలో ఈ విడి ప్రయోగాలు దేనికి?
— మిరప రైతు, తాడికొండ మండలం

మీరు మిరప సాగు చేస్తున్నానని రాశారు కాబట్టి మీ ఊరికి దగ్గరలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారం నుంచే మొదలుపెడతాను. అక్కడ ఒక కొత్త వంగడం తయారైతే మరుసటి ఏడాదే జిల్లా అంతటా వేయమని ఎవరూ చెప్పరు. ముందు పరిశోధన క్షేత్రంలోని మడులలో చూస్తారు. తరువాత వేరువేరు నేలలున్న కేంద్రాలలో వేస్తారు. ఆపైన చిరుసంచుల దశలో కొద్దిమంది రైతులకు ఇచ్చి, వారి పొలంలో, వారి నీటితో, వారి చేతి కింద ఎలా పండుతుందో గమనిస్తారు. అప్పుడు గాని విడుదల ఉండదు. ఈ దశలన్నింటిలో విత్తనం అదే, దాని చుట్టూ ఉన్న పరిస్థితే మారుతూ వస్తుంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు, అంతకు ముందు ఏడాది చక్కగా పండిన తోటలు ఏమయ్యాయో మీకు నాకంటే బాగా తెలుసు.

అంతరిక్ష సాంకేతికతను తూచే పద్ధతి కూడా ఈ ఆలోచన మీదనే నిలిచి ఉంది. నాసాలో 1970ల నడుమ మొదలై, 1990లలో తొమ్మిది మెట్లుగా స్థిరపడిన ఒక కొలమానాన్ని నేడు ప్రపంచంలోని అంతరిక్ష సంస్థలు చాలా వరకు అనుసరిస్తున్నాయి. దానిని ‘సాంకేతిక సంసిద్ధత స్థాయి’ అనవచ్చు. ఆ రంగంలో ఉన్నవారు క్లుప్తంగా టీఆర్‌ఎల్ అంటారు. 2013లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కూడా దీనిని ఒక ప్రమాణంగా ప్రకటించింది. ఒకటవ మెట్టు మీద ఉన్నది ఒక భౌతిక సూత్రం మాత్రమే. మూడవ మెట్టుకు వచ్చేసరికి ఆ సూత్రంతో పని జరుగుతుందని ఒక ప్రయోగం చూపి ఉండాలి. నాలుగవ మెట్టులో విడిభాగాలు ప్రయోగశాల బల్ల మీద కలిసి పనిచేస్తాయి. అయిదు, ఆరు మెట్లలో అదే నమూనాను అది రేపు బతకవలసిన వాతావరణంలో పెట్టి చూస్తారు. ఏడవది అంతరిక్షంలోనే పరీక్ష. ఎనిమిదవది ప్రయాణానికి అర్హత పొందిన అసలు పరికరం. తొమ్మిదవది ఒక యాత్రలో విజయవంతంగా పనిచేసి చూపినది.

నాలుగు నుంచి ఆరుకు ఎక్కడమే అన్నింటిలోకి కష్టం, ఖర్చు కూడా అక్కడే. రోహిణి కార్తెలో విజయవాడలో మనం ఫ్యాను కింద కూర్చుంటే ప్రాణం కుదుటపడుతుంది. గాలి మన ఒంటి వేడిని మోసుకుపోతుంది. గాలి లేని చోట ఏ ఫ్యానూ పనిచేయదు. వేడి కిరణాల రూపంలో వెలువడవలసిందే, లేదా లోహం గుండా మరో చోటికి పాకవలసిందే. బల్ల మీద గంటల తరబడి చల్లగా పనిచేసిన సర్క్యూటు, శూన్యపు గదిలో పెట్టిన కొద్దిసేపటికే మాడిపోవచ్చు. దీనికి తోడు రాకెట్ పైకి లేచేటప్పటి కంపనం, చెవులు బద్దలయ్యే ధ్వని, ఎండకూ నీడకూ మధ్య వందల డిగ్రీల తేడా, కాస్మిక్ కిరణాల తాకిడి ఉంటాయి. ఇవన్నీ ఒక్కొక్కటిగానూ, వీలైనన్ని కలిపీ పెట్టి చూసిన తరువాతనే ఆరవ మెట్టు దక్కుతుంది. నాసా నియమాల ప్రకారం ఒక యాత్ర ప్రాథమిక రూపకల్పన సమీక్షకు వచ్చేనాటికి, దానిలోని కొత్త సాంకేతికతలు ఆరవ మెట్టుకు చేరి ఉండాలి. నా దృష్టిలో ఈ రంగం నేర్చుకున్న నియమాలన్నింటిలో ఇంత విలువైనది మరొకటి లేదు. ఎందుకంటే ఆ సమీక్ష దాటిన తరువాత వందలమంది జీతాలు, భవనాలు, ప్రయోగ తేదీ అన్నీ ఆ ఒక్క పచ్చి పరికరం కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసి వస్తుంది.

కొన్ని సాంకేతికతలకు నేలమీద ఎన్ని పరీక్షలు చేసినా చాలదు. నాసా 1998 అక్టోబరు 24న ప్రయోగించిన డీప్ స్పేస్ 1 నౌక ఇందుకు నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ. పన్నెండు కొత్త సాంకేతికతలను అంతరిక్షంలో పరీక్షించడమే ఆ నౌక ప్రధాన ఉద్దేశం. వాటిలో ముఖ్యమైనది జెనాన్ వాయువును విద్యుదావేశంతో వెనక్కు తరిమే అయాన్ ఇంజను. దాని తోపుడు మన అరచేతిలో ఒక కాగితం పెడితే తెలిసే బరువంత. కాని అది నెలల తరబడి ఆగకుండా తోయగలదు. నవంబరులో తొలిసారి వెలిగించినప్పుడు నాలుగున్నర నిమిషాలకే ఆగిపోయింది. రెండు వారాల తరువాత మళ్లీ వెలిగించారు. యాత్ర ముగిసేనాటికి అది 16,000 గంటలకు పైగా పనిచేసింది. ఆ ఇంజనుకు జోడుగా చేసిన మరొక దానిని నేలమీద శూన్యపు గదిలో 30,000 గంటలకు పైగా నడిపి, ఏ భాగం ఎంత అరిగిందో కొలిచారు. ఆ రెండు ఫలితాల బలంతోనే 2007లో డాన్ నౌక బయలుదేరి, 2011లో వెస్టా అనే గ్రహశకలాన్ని, 2015లో సెరెస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని చేరి, రెండింటి చుట్టూ తిరిగింది. డాన్ వంటి శాస్త్ర యాత్ర మీద తొలిసారి ఆ ఇంజనును పెట్టి ఉంటే, నాలుగున్నర నిమిషాలకే ఆగిన ఆ రోజున శాస్త్రజ్ఞుల గుండె ఏమై ఉండేదో ఊహించండి.

మన స్పేడెక్స్ కథ కూడా ఇటువంటిదే. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన, ఒక్కొక్కటి సుమారు 220 కిలోల ఆ రెండు ఉపగ్రహాలు అనుకున్న మొదటి తేదీకి కలవలేదు. జనవరి 12న 15 మీటర్లకు, ఆపై 3 మీటర్లకు దగ్గరగా తెచ్చి, మళ్లీ దూరం జరిపి, వచ్చిన సమాచారమంతా చూసుకున్న తరువాత 16న కలిపారు. చంద్రుని మట్టిని భూమికి తేవలసిన చంద్రయాన్-4లో నౌకలు అంతరిక్షంలో కలవవలసి ఉంది. తొందర లేకుండా వెనక్కు జరిగి ఆలోచించుకునే వెసులుబాటు డెమాన్‌స్ట్రేటర్‌లో దొరికినట్టు అక్కడ దొరకదు.

ప్రశ్న: మంగళయాన్‌ను అంగారకుని కక్ష్యలో పెట్టిన ఇంజను అంతకు ముందే మన సమాచార ఉపగ్రహాలలో ఎన్నోసార్లు వాడినదని చదివాను. మీరు చెప్పే లెక్కన అది తొమ్మిదవ మెట్టు మీద ఉన్నదే. మరి ఆ రోజు అంత ఉత్కంఠ ఎందుకు?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

మీ ప్రశ్నలోనే ఈ విషయపు కీలకం ఉంది. సంసిద్ధత స్థాయి వస్తువుకు వేసే శాశ్వత ముద్ర కాదు. ఆ వస్తువుకూ, దానిని పెట్టబోయే పరిస్థితికీ కలిపి చెప్పే మాట. 440 న్యూటన్ల తోపుడునిచ్చే ఆ ద్రవ ఇంధన ఇంజను సమాచార ఉపగ్రహాలలో ప్రయోగం జరిగిన కొద్ది రోజులలోనే వెలిగి, పని ముగించి, నిశ్శబ్దమైపోతుంది. మంగళయాన్‌లో 2013 డిసెంబరు 1న భూమిని విడిచేందుకు వెలిగిన ఇంజను, సుమారు 300 రోజులు చలిలో ఊరకే ఉండి, ఆపై ఒకే ఒక్క అవకాశంలో వెలగవలసి వచ్చింది. అన్ని నెలలు ఇంధనం తాకి ఉన్న గొట్టాలు, కవాటాలు తుప్పు పట్టవా, లీకు కావా, తెరుచుకుంటాయా అన్నది సమాచార ఉపగ్రహాలు ఏనాడూ అడగని ప్రశ్న. అంటే ఇంజను పాతదే అయినా ఆ పనికి అది కొత్తదే; మెట్లు దిగి మళ్లీ ఎక్కవలసిందే.

ఇస్రో ఇంజనీర్లు ఈ సంగతిని ముందే గుర్తించారు. తొలి దశలో వాడిన గొట్టాల వరుసను మూసివేసి, చివరి దశకు సమాంతరంగా మరొక వరుసను అమర్చారు. అంగారకుని చేరడానికి రెండు రోజుల ముందు, 2014 సెప్టెంబరు 22న, ఇంజనును సుమారు 4 సెకన్లపాటు వెలిగించి చూశారు. అది వెలగకపోతే ఎనిమిది చిన్న థ్రస్టర్లతో ఎంతవరకు నెట్టుకురావచ్చో ప్రణాళిక కూడా సిద్ధంగా ఉంది. 24వ తేదీ ఉదయం ఇంజను సుమారు 24 నిమిషాలు మండింది. మన దేశంలో జరిగిన సాంకేతిక అంచనాలలో దీనిని నేను చాలా పై స్థానంలో ఉంచుతాను. విజయం అందరికీ కనిపించింది కాని, ‘ఇది పాతదే’ అన్న ధీమాకు లొంగకపోవడం ఎవరికీ కనిపించలేదు.

లొంగినచోట ఏమయిందో కూడా చెప్పాలి. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్ తన మొదటి ప్రయాణంలో, లేచిన 40 సెకన్ల లోపే ముక్కలైంది. ఏరియాన్ 4లో ఏళ్ల తరబడి తప్పు చేయని మార్గనిర్దేశక సాఫ్ట్‌వేర్‌ను ఇందులోనూ వాడారు. కొత్త రాకెట్ పక్కకు సాగే వేగం పాతదానికంటే ఎక్కువ కావడంతో, ఒక సంఖ్య తనకు కేటాయించిన గడిలో పట్టలేదు. దానితో రెండు కంప్యూటర్లూ ఒకే కారణంగా ఆగిపోయాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం కూడా పాడు కాలేదు. అది నిరూపించుకున్న ప్రపంచం మారింది.

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా లేత్ మీద పనిచేస్తున్నాను. మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యవ వంతులలో) కొలత తేగలం. ఉపగ్రహానికి వాడే చిన్న బోల్టుకు కూడా అన్ని కాగితాలు, అన్ని పరీక్షలు ఉంటాయని మా అబ్బాయి అంటున్నాడు. కొలత సరిగ్గా ఉన్న బోల్టులో ఇంకేమి చూస్తారు?
— లేత్ కార్మికుడు, ఆటోనగర్, విజయవాడ

కొలత తేవడంలో మీ చేతిని నేను శంకించను. ఆటోనగర్‌లో పాత బండి భాగాన్ని చూసి కొత్త భాగాన్ని దించగలిగిన పనివాళ్లను నేను కళ్లారా చూశాను. అయితే అంతరిక్షంలో కొలత తరువాత మరో నాలుగు ప్రశ్నలు మొదలవుతాయి.

మొదటిది పూత. మీ దగ్గర తుప్పు పట్టకుండా బోల్టులకు జింక్ ప్లేటింగ్ చేయించడం మామూలే. ఉపగ్రహాలలో జింక్, కాడ్మియం పూతలను సాధారణంగా అనుమతించరు. శూన్యంలో వేడి తగిలితే ఆ లోహాలు నేరుగా ఆవిరై, పక్కనున్న చల్లని కటకం మీదనో విద్యుత్ పలక మీదనో పొరగా పేరుకుంటాయి. పైగా వాటి నుంచి వెంట్రుకలంత సన్నని లోహపు పోగులు పెరిగి, రెండు తీగలను కలిపివేసే ప్రమాదం కూడా ఉంది. నేలమీద బోల్టును కాపాడే పూతే అక్కడ శత్రువవుతుంది.

రెండవది అతుక్కోవడం. మన చుట్టూ ఉన్న లోహాల మీద ఎప్పుడూ ఒక సన్నని ఆక్సైడ్ పొర ఉంటుంది. గాలి ఉన్నంతకాలం అది గీసుకుపోయినా మళ్లీ ఏర్పడుతుంది. శూన్యంలో రెండు శుభ్రమైన లోహాలు రాపిడి పడితే ఆ పొర తిరిగి రాదు. అవి వెల్డింగ్ చేసినట్టు పట్టుకుపోతాయి. మామూలు గ్రీజు అక్కడ ఆవిరైపోతుంది. అందుకే మాలిబ్డినం డైసల్ఫైడ్ వంటి పొడి కందెనలను వాడతారు. ఆ కందెన కూడా ఎంత సున్నితమైనదో గెలీలియో నౌక చూపింది. 1989లో గురుగ్రహానికి బయలుదేరిన ఆ నౌక ప్రధాన యాంటెన్నా గొడుగులా ముడుచుకుని వెళ్లింది. 1991 ఏప్రిల్‌లో తెరవబోతే కొన్ని కడ్డీలు కదలలేదు. ప్రయోగం ఆలస్యం కావడం వల్ల నౌకను అమెరికా ఒక చివర నుంచి మరో చివరకు లారీ మీద పలుమార్లు తిప్పారు. ఆ కుదుపులకు కొన్ని పిన్నుల మీది పొడి కందెన అరిగిపోయి ఉంటుందని తరువాత తేల్చారు. గెలీలియో తన శాస్త్ర సమాచారమంతా చిన్న యాంటెన్నా మీద, చుక్కచుక్కగా పంపవలసి వచ్చింది. లారీ ప్రయాణాన్ని కూడా ఒక ‘వాతావరణం’గా లెక్క వేయాలని ఆ యాంటెన్నా నేర్పింది.

మూడవది బిగింపు. ఎంత టార్క్‌తో (మెలితిప్పే బలంతో), ఎవరు, ఏ రోజున, ఏ పరికరంతో బిగించారన్నది ప్రతి బోల్టుకూ రాసి ఉంచుతారు. 2018లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కు ధ్వని పరీక్ష చేసినప్పుడు, సూర్యకవచపు మూతను పట్టి ఉంచే మరలు కొన్ని ఊడి కింద పడ్డాయి. పరీక్ష గదిలో ఊడాయి కాబట్టి ఏరుకుని, కారణం వెతికి, మళ్లీ బిగించారు. అవే మరలు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఊడి ఉంటే వెళ్లి బిగించేవారెవరూ లేరు.

నాలుగవది పుట్టుపూర్వోత్తరాలు. ఆ కడ్డీ ఏ ఫర్నేసులో ఏ పోతలో వచ్చింది, ఏ వేడి శుద్ధి జరిగింది అన్న కాగితం లేకపోతే, రేపు అదే పోతలోని మరొక బోల్టు విరిగినప్పుడు మీ బోల్టును నమ్మాలో వద్దో ఎవరూ చెప్పలేరు. మీ అబ్బాయి చెప్పిన కాగితాల అర్థం ఇదే. ఇటువంటి పనులు నేడు మన దేశంలో చిన్న పరిశ్రమలకూ వస్తున్నాయి. లేత్ మీ చేతిలో ఉంది కాబట్టి, నేర్చుకోవలసింది ఈ రాతపద్ధతి ఒక్కటే.

ప్రశ్న: నా ఫోన్‌లోని ప్రాసెసర్ కంటే అంగారకుని మీది రోవర్ ప్రాసెసర్ చాలా నెమ్మదైనదట. నిజమేనా?
— బీఎస్సీ విద్యార్థిని, మాచవరం, విజయవాడ

నిజమే. పర్సెవరెన్స్ రోవర్ ప్రధాన కంప్యూటర్ 200 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. ఈనాటి సాధారణ ఫోన్ అంతకు పదిరెట్లు పైగా వేగం గలది. కాస్మిక్ కిరణం ఒకటి చిప్‌లో దూరితే సున్నా ఒకటిగా, ఒకటి సున్నాగా మారిపోవచ్చు. కొన్నిసార్లు చిప్ శాశ్వతంగా చెడిపోవచ్చు. దానిని తట్టుకునేలా తయారు చేసి, వికిరణం కింద పెట్టి పరీక్షించి, నమ్మకం కుదిరేసరికి ఏళ్లు గడుస్తాయి; ఆలోగా మార్కెట్ ముందుకు వెళ్లిపోతుంది.

అయితే అదే రోవర్ పొట్ట కింద వెళ్లిన ఇన్‌జెన్యూటీ అనే 1.8 కిలోల హెలికాప్టర్‌లో ఫోన్లలో వాడిన స్నాప్‌డ్రాగన్ 801 ప్రాసెసర్‌నే పెట్టారు. అది విఫలమైనా రోవర్ శాస్త్ర పరిశోధనకు నష్టం లేదు కనుక ఆ సాహసం చేయగలిగారు. తప్పులను కనిపెట్టి సరిదిద్దడానికి పక్కనే వేరే చిప్‌లను కాపలా ఉంచారు. భూమి గాలి సాంద్రతలో నూటికి ఒక వంతు ఉన్న ఆ గాలిలో, 2021 ఏప్రిల్ 19న అది మొదటిసారి 39 సెకన్లు ఎగిరింది. అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 2024 జనవరి నాటికి 72 సార్లు ఎగిరింది. మన దేశంలో చండీగఢ్‌లోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో తయారైన విక్రమ్ 3201 అనే 32 బిట్ల ప్రాసెసర్‌ను కూడా, 2024 డిసెంబరు చివర పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ ప్రయాణంలో పంపి పరీక్షించిన తరువాతనే ముందుకు తెచ్చారు.

ప్రశ్న: ఒక పరికరం ఏ మెట్టు మీద ఉందో నిర్ణయించేది ఎవరు? తయారు చేసినవారే చెబితే, తమ బిడ్డకు తామే మార్కులు వేసుకున్నట్టు కాదా?
— భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు

అచ్చంగా అటువంటిదే, అందుకే మీకు ఈ సమాధానం కొంచెం విపులంగా రాయాలనిపించింది. మన కళాశాలల్లో ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి ఎగ్జామినర్ వస్తాడు. తరగతి చెప్పిన గురువు మీద అనుమానంతో ఈ ఏర్పాటు చేయలేదు. ఏడాదంతా చూసిన పిల్లవాడి లోపం గురువు కంటికి అలవాటైపోతుంది. అంతరిక్ష సంస్థలలో కూడా ఆ పనితో సంబంధం లేని నిపుణుల బృందాన్ని పిలిచి, పరీక్షల అసలు లెక్కలను వారి ముందు పెట్టి, వారి చేత మెట్టును నిర్ణయింపజేస్తారు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కు కావలసిన పది కొత్త సాంకేతికతలను ఇలాగే 2007 జనవరిలో ఒక స్వతంత్ర బృందం సమీక్షించింది. ప్రయోగం జరిగింది 2021 డిసెంబరు 25న. అంటే కొత్త సాంకేతికతలు పండినవని తేలిన తరువాత కూడా వాటన్నింటినీ ఒక యంత్రంగా కూర్చి, పరీక్షించడానికి పధ్నాలుగేళ్లకు పైగా పట్టింది. సంసిద్ధత కొలమానం విడి సాంకేతికతను తూచగలదు కాని, కూర్పులోని కష్టాన్ని తూచలేదు. నాకు తెలిసి దాని పెద్ద లోటు ఇదే.

పరీక్షించే పరికరమే తప్పయితే ఏమవుతుందన్నది మీ విద్యార్థులకు తప్పక చెప్పండి. హబుల్ టెలిస్కోప్ 1990 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్లింది. వచ్చిన చిత్రాలు మసకగా ఉన్నాయి. 2.4 మీటర్ల అద్దం అంచు ఉండవలసిన దానికంటే సుమారు 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా ఉంది. ఆ అద్దాన్ని నునుపు చేసినవారి నైపుణ్యంలో లోపం లేదు. వారు తమకు చూపిన ఆకృతిని అద్భుతమైన కచ్చితత్వంతో సాధించారు. కాని ఆ ఆకృతిని చూపిన కొలత పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్ల మేర తప్పు చోట అమరి ఉంది. ఇంతకంటే బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. అంత కచ్చితత్వం లేని మరో రెండు పరికరాలతో చూసినప్పుడు అద్దంలో తేడా కనిపించింది. ఆ పరికరాలే నాసిరకమని భావించి, వాటి మాటను పక్కన పెట్టారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సవరించే చిన్న అద్దాలున్న పరికరాలను అమర్చేవరకు ఆ తప్పు అలాగే ఉంది.

అందువల్ల ఒక సాంకేతికతను అంచనా వేసేవారు అడగవలసిన మొదటి మాట ‘పరీక్ష నెగ్గిందా’ అన్నది కాకూడదని నా అభిప్రాయం. వేరే సూత్రం మీద పనిచేసే మరో పరికరంతో కొలిచారా, రెండూ ఒకే జవాబు ఇచ్చాయా, ఇవ్వకపోతే ఎవరు, ఏ కారణంతో ఒకదానిని పక్కన పెట్టారు అని ముందుగా అడగాలి. మీ ల్యాబ్‌లో పిల్లవాడు లోలకంతో తెచ్చిన గురుత్వ త్వరణం విలువ పుస్తకంలోని విలువకు దూరంగా ఉంటే, దానిని చెరిపివేయనివ్వకండి. ఆ తేడాకు కారణం రాయించి, ఆ రాతకు మార్కులు వేయండి.

ప్రశ్న: చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయినప్పుడు డబ్బంతా వృథా అయిందని మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. మీరేమంటారు?
— గృహిణి, పటమట, విజయవాడ

2019 సెప్టెంబరు 6 అర్ధరాత్రి దాటిన తరువాత మా విద్యార్థులతో కలిసి టీవీ ముందు కూర్చున్నాను. చంద్రునికి సుమారు రెండు కిలోమీటర్ల ఎత్తులో సంకేతాలు ఆగిపోయినప్పుడు ఒక పిల్ల ఏడ్చింది. ఆ బాధ వృథా కాలేదని నిండు నమ్మకంతో చెబుతున్నాను. చంద్రయాన్-2 ఆర్బిటర్ చంద్రుని చుట్టూ తిరుగుతూ పరిశోధన కొనసాగించింది. ల్యాండర్ విషయంలో ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోపుడు ఇచ్చాయనీ, పోగుపడిన తప్పులను సరిదిద్దుకునేంత వేగంగా ల్యాండర్ తిరగలేకపోయిందనీ, దిగవలసిన చోటు 500 మీటర్ల చదరంగా మరీ చిన్నదనీ తేల్చారు. ఆ మూడింటికీ చంద్రయాన్-3లో జవాబు కనిపిస్తుంది. మధ్యలోని అయిదవ ఇంజను తీసివేశారు, కాళ్లను బలపరిచారు, ఇంధనం పెంచారు, వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరాన్ని చేర్చారు, దిగే చోటును కిలోమీటర్ల మేర విస్తరించారు. సెన్సర్లను హెలికాప్టర్‌కు కట్టి ఎగురవేశారు. ఇంజన్లు మండుతుండగా నమూనాను క్రేన్‌కు వేలాడదీసి నియంత్రణ ఎలా ఉందో చూశారు. చంద్రుని నేలను పోలిన మట్టి మీద కాళ్లను పడవేసి చూశారు. 2023 ఆగస్టు 23న అది దిగింది.

మరొక చిన్న సంగతి చాలామంది గమనించలేదు. చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో (ల్యాండర్‌ను చంద్రుని కక్ష్య దాకా మోసుకెళ్లిన భాగంలో), ఒక్కొక్కటి ఒక వాటు వేడినిచ్చే రెండు రేడియోధార్మిక హీటర్లను పరీక్ష కోసం పెట్టారు. చంద్రుని మీది పద్నాలుగు రోజుల రాత్రిని తట్టుకోవాలంటే రేపటి ల్యాండర్లకు అటువంటివే కావాలి. ప్రధాన యాత్రకు హాని లేని చోట కొత్తదానిని పరీక్షించడం ఎంత పొదుపైన పద్ధతో, ఇల్లు నడిపే మీకు నేను వివరించనవసరం లేదు.

ప్రశ్న: మా బృందం ఒక చిన్న సెన్సర్ తయారు చేసింది. దానిని అంతరిక్షంలో పరీక్షించే అవకాశం మాలాంటి కళాశాల విద్యార్థులకు ఉంటుందా?
— ఇంజనీరింగ్ విద్యార్థులు, మంగళగిరి

ఉంటుంది. పీఎస్‌ఎల్‌వీ తన పని ముగించిన తరువాత నాలుగవ దశ వృథాగా పోకుండా, దానినే చిన్న ప్రయోగాల వేదికగా వాడే పోయెమ్ అనే ఏర్పాటును ఇస్రో 2022 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ53తో మొదలుపెట్టింది. స్పేడెక్స్‌తో వెళ్లిన నాలుగవ పోయెమ్‌లో 24 పేలోడ్లు (ప్రయోగ పరికరాలు) ఉన్నాయి. వాటిలో 10 విద్యాసంస్థలవి, అంకుర సంస్థలవి. అందులోనే ఒక చిన్న పెట్టెలో ఎనిమిది బొబ్బర్ల గింజలు నాలుగు రోజులలో మొలకెత్తి, ఆకులు కూడా వేశాయి. ఇటువంటి అవకాశాలకు, ప్రభుత్వేతర సంస్థల అంతరిక్ష కార్యక్రమాలకు అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. మీ అధ్యాపకుల ద్వారానైతే, ఇస్రో విశ్వవిద్యాలయాలకు పరిశోధన నిధులిచ్చే రెస్పాండ్ పథకం ఉంది.

అయితే కక్ష్య గురించి ఆలోచించే ముందు బెలూన్ గురించి ఆలోచించండి. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా 30 నుంచి 40 కిలోమీటర్ల ఎత్తుకు శాస్త్ర పరికరాలను పంపుతోంది. పరికరం పారాచూట్‌తో కిందికి తిరిగి వస్తుంది కనుక, ఏది చెడిపోయిందో విప్పి చూసుకోవచ్చు. కక్ష్యకు వెళ్లినది అలా చేతికి రాదు.

మీరు పంపిన వివరాలలో సెన్సర్ ఎంత సున్నితమైనదో మూడు పేజీలు రాశారు. ఏ ఉష్ణోగ్రత నుంచి ఏ ఉష్ణోగ్రత వరకు పరీక్షించారో, ఎన్ని గంటలు ఆపకుండా నడిపారో, ఎన్నిసార్లు, ఎందుకు ఆగిపోయిందో ఒక్క వాక్యం కూడా లేదు. సమీక్షకులు ముందుగా వెతికేది ఆ పేజీనే. ఈ సెలవులలో దానిని ఒక ఇంక్యుబేటర్‌లోనూ, ఫ్రీజర్‌లోనూ మార్చి మార్చి పెట్టి వారం రోజులు ఆపకుండా నడపండి; ఆగిన ప్రతిసారీ తేదీ, వేళ, కారణం ఒక నోటుపుస్తకంలో రాయండి. మీరు మీ ప్రస్తుత స్థితిని అయిదవ మెట్టు అని రాసుకున్నారు. నేను చదివినంతలో అది ఇంకా నాలుగవ మెట్టు మీదనే ఉంది, దరఖాస్తులో అలాగే రాయండి.